ఏటి వైపు తిరిగిన రాయి

ఇప్పలగుంపు
జూన్ నెల, 2006

చి॥ పుష్పలతకు నాన్న ఆశీర్వదించి వ్రాసినది.

పై వరుసలోని మొదటి మాటను పొడి అక్షరంతో ఆపివేయడానికి కారణమున్నది. దానిని పూర్తిగా వ్రాస్తే నీ మనసు నా ఉత్తరంలో నిలువక సారపాక కాగితపు మిల్లు గేటు దగ్గరకు పోతుంది. ఆ పేరుగల యువకుని ప్రస్తావన తన చోట తాను వస్తుంది. ఉత్తరానికొక క్రమమున్నది. ఆ క్రమంలోనే చదువు. చివరి పుట ముందుగా తిప్పవద్దు.

ఇక్కడ మేమందరం కుశలం. తునికాకు కోత ముగిసి కల్లం ఎత్తివేశారు. మొదటి వాన పడింది. మిల్లుకు జామాయిలు కర్ర మోసే లారీలు రేపిన దుమ్ము ఆ వానతో అణగింది. నీవు మధిర దవాఖానా నుండి పంపిన మోకాలి మందును మీ అమ్మ సగం తాను పూసుకొని, సగం భీమక్క అవ్వకు పూస్తున్నది. అవ్వకు మోకాలి నొప్పి లేదు. మందు వాసన బాగున్నదట. నర్సు ఉద్యోగం చేసే మనుమరాలు పంపిన మందు కనుక నొప్పి లేకపోయినా పనిచేస్తుందని ఆమె నమ్మకం.

నీ ఉత్తరంలో ఒక్కటే దోషం కనబడింది. ‘నేను ఇక్కడ బాగున్నాము’ అని వ్రాశావు. కర్త ఏకవచనం, క్రియ బహువచనం. ఒక్కతెవే బాగుంటే ‘బాగున్నాను’ అనాలి. ఇద్దరు బాగుండాలంటే అందుకు పెద్దల అంగీకారం కావాలి. ఎర్ర సిరాతో దిద్ది, తక్కిన ఉత్తరాలతో పాటు దాచాను.

మిగతా ఉత్తరమంతా చక్కగా ఉన్నది. అందులో నీవు రెండు షరతులు పెట్టావు. మొదటిది: ‘నాన్నా, నా కోసం ఏ సాక్ష్యాన్నీ వంచవద్దు. వరస కుదరదని తేలితే కుదరదనే వ్రాయండి, నేను తట్టుకుంటాను.’ ఈ వాక్యంలో దిద్దవలసిన అక్షరం ఒక్కటీ లేదు. ఇటువంటి వాక్యం వ్రాయగల కూతురు ఉన్నందుకు గర్వించి, మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండవది: ‘మొదటి విత్తు మన చేయి దాటే పని మాత్రం చేయకండి.’ మొదటి షరతును అక్షరాలా పాటించాను. రెండవదాని సంగతి విత్తనాల పండుగ సంగతితో పాటు చివర వ్రాస్తాను.

సారపాక పోయి బూత్ నుండి ఫోన్ చేయవచ్చు గదా అని మీ అమ్మ అన్నది. అయిదు తరాల చరిత్ర, వెనుక నిలుచున్నవాడు గొంతు సవరించుకుంటూ ఉంటే చెప్పదగినది కాదు. అందుకే ఈ ఉత్తరం.

నీ ప్రశ్న ఒక్కటే. కుర్సెం వారమైన మనమూ, చిరంజీవి పుట్టిన మిడియం వారూ నిజంగా ఒకే గట్టువారమా? నీకు తెలిసిన విషయమే అయినా, రేపు నీ పిల్లలు ఈ కాగితం చదివితే వారికి తెలియాలి కనుక వివరిస్తున్నాను. మన కోయల ఇంటిపేర్లన్నీ కొన్ని గట్ల కింద ఉన్నవి. ఒక గట్టులోని వారందరూ, ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడకపోయినా, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. వారిలో వారికి పెళ్ళి లేదు. మనమూ మిడియం వారూ ఒకే గట్టు అని ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. ఎండలు ముదరకముందు చిరంజీవి తండ్రి మన ఇంటికి వచ్చినప్పుడు ఆ మాటే అన్నాడు. వేసిన మంచం మీద కూర్చోనైనా కూర్చోలేదు.

“అన్నా, పోరలకు తెల్వకపోతే మనకన్న తెల్వద్దా? నీ బిడ్డ నా బిడ్డనే గద. అన్నజెల్లెండ్లకు లగ్గం జేస్తే రేపు మనం పోయినంక మనకు రాయి నిలవెట్టేదెవ్వలు?”

ఆ మాటలో కోపం లేదు. నీవు నచ్చకపోవడమూ లేదు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, “మంచి పోరి” అని తనలో తాను అనుకొని వెళ్ళాడు.

నేను మన వంశవృక్షం వ్రాయ పూనుకున్నది ఆయన మాటను కాదనడానికి కాదు, రుజువు చేయడానికే. నా కూతురికి ‘వద్దు’ అని చెప్పవలసి వస్తే ఊరి మాట మీద కాక సాక్ష్యం మీద చెప్పాలనుకున్నాను. అందులో నా గర్వమూ కొంత కలిసి ఉన్నదని ఒప్పుకుంటాను. ఈ ఇప్పలగుంపును నిలబెట్టినవాడు కుర్సెం జోగయ్య. ఏటా పండుగనాడు ఇంటింటి విత్తులూ ఒక్క గంపలో కలిపి తెస్తే, అందులోనుండి మొదటి పిడికిలి తీసి నేలమీద చల్లేది జోగయ్య పెద్దకొడుకు వంశంవాడు. తాత కన్నయ్య చల్లాడు, నా తండ్రి చల్లాడు, ఆయన తరువాత నేను. బడిలో హెడ్మాస్టరు కుర్చీ కంటే ఆ పిడికిలి నాకు పెద్ద పదవి. వంశవృక్షం తల మీద జోగయ్య పేరును గుండ్రని అక్షరాలతో వ్రాసి, కింద నా పేరు దాకా ఒక్క గీత గీయాలని నా ఆశ.

ముందుగా బడి రిజిస్టర్లు చూశాను. వాటి విలువ నాకంటే ఎరిగినవాడు లేడు. ‘పిల్లవాడు ఎప్పుడు పుట్టాడు?’ అని అడిగితే తల్లులు ‘పెద్దవాన పడ్డనాడు’ అనేవారు. పెద్దవానకు రిజిస్టరులో గడి లేదు. అందుచేత మన గూడేల పిల్లలందరూ జూన్, జూలై నెలల్లోనే పుట్టారు. నీ తండ్రి కూడా అంతే. పిల్లవాడు బడికి వచ్చాడని చెప్పడానికి ఆ పుస్తకం పుట్టింది. ఆ ఒక్క విషయంలో దానిని నమ్మవచ్చు. తాతల సంగతి దానిని అడగడం నాగలిని నీళ్ళు తెమ్మనడం వంటిది.

తరువాత ఖమ్మం పోయి నిజాం కాలంనాటి భూమి కాగితాలు చూశాను. అవి ఉర్దూలో ఉన్నవి. నాతో పాటు పనిచేసి రిటైరైన ఉర్దూ పండితుడొకరు ఓపికగా చదివి పెట్టారు. మన పొలం ఎదుట మొదట జోగయ్య పేరున్నది. తరువాతి కాలపు కాగితంలో, అదే పొలం ఎదుట, కన్నయ్య పేరున్నది. నాకు ఎంత సంతోషమైందంటే, పండితునికి టీ ఇప్పించి, రెండవ టీ కూడా ఇప్పించాను. ఇంటికి వచ్చి జోగయ్య పేరు కింద కన్నయ్య పేరు వ్రాసి, నడుమ గీత గీశాను. తండ్రి, కొడుకు.

తల్లీ, ఆ గీత కాగితంలో లేదు. అది నేను గీసింది. పన్ను ఎవరు కట్టాలో చెప్పడానికి పుట్టిన కాగితం అది. ఎవరు ఎవరికి పుట్టారో దానికి అక్కరలేదు. ఈ సూత్రాన్ని బడి రిజిస్టరుకు వర్తింపజేసిన నేను, నా గర్వానికి అనుకూలించిన కాగితానికి వర్తింపజేయలేదు.

ఆ తప్పును పట్టుకున్నది భీమక్క అవ్వ. పోయిన ఉత్తరంలో ‘అవ్వ ఏదో అన్నది, అదే నిజమైతే వరసా మారుతుంది, మొదటి విత్తూ మారుతుంది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఇప్పుడు వివరంగా చెబుతాను. ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చొని నేను వ్రాసినదాన్ని పైకి చదువుతున్నాను. నా మేనత్త అయిన ఆమె పక్కన చింతపండు గింజ తీస్తున్నది. ‘కన్నయ్య జోగయ్యకు పెద్దకొడుకు’ అనగానే ఆమె చెయ్యి ఆగింది. మన భాషలోనే మాట్లాడింది. నేను తెలుగు చేసి వ్రాస్తున్నాను.

“ఎవ్వడు జెప్పిండు?”

“సర్కారు కాగితం, అత్తా.”

“సర్కారు వచ్చి పురుడు వోసిందా? కన్నయ్య మా అయ్య. నాకు తెల్వదా? జోగయ్యకు బిడ్డ కొడుకు ఆయన. మా నాయినమ్మ ముత్తక్క జోగయ్య బిడ్డ. ఆమెకు ఇల్లటం వచ్చినోడు సింగయ్య, పూసపోళ్ళు, గట్టే వేరు. గోదారి అవతలి నుంచి వచ్చిండు. కొడుకు నడక నేర్వకముందే జరమొచ్చి పొయ్యిండు. జోగయ్యనే మనుమని సాదిండు. గా ఏటి దిక్కు జూసే రాయి ఉన్నది సూడు, గది సింగయ్యదే.”

“దానిని బాటసారి రాయి అంటారు గదా?”

“బాటసారికి యాడాదికోపాలి ఎవ్వలన్న సారా వోస్తరా అల్లుడా?”

ఏటా ఆమె ఆ రాయి దగ్గర దోసెడు ఇప్పసారా పోయడం చిన్ననాటి నుండి నేనూ చూసినదే. ముసలమ్మ దయాగుణమనుకున్నాను.

“మరి మొదటి విత్తు మన ఇంటికెట్లా వచ్చింది?”

“జోగయ్య పొయ్యేనాటికి ఆయన కొడుకు సంటిపిల్లగాడు. ఎవ్వడో ఒగడు సల్లాలె గద, వాన ఆగుతదా? మా అయ్య సల్లిండు. పోరడు పెద్దగైనంక ఎవ్వలూ అడగలే. మా అయ్యా ఇడవలే.”

“ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఖమ్మం బొయ్యి కాగితాలనడిగినవు. నన్నెప్పుడడిగినవు?”

అంతలో మీ అమ్మ పొయ్యి దగ్గర నుండి గరిటెతోనే బయటికి వచ్చింది. “ఆగుండ్రి. మీరు కుర్సెపోళ్ళు గాదు, పూసపోళ్ళయితే, మన లగ్గం సంగతేంది? నేను మీకేమైత? గది ముందుగాల జూడుండ్రి, బువ్వ తర్వాత.”

చూశాను. మీ అమ్మ పుట్టింటి గట్టుకు ఈ రెండింటితోనూ పెళ్ళి వరసే ఉన్నది. ఆ మాట స్పష్టంగా చెప్పిన తరువాతనే నాకు అన్నం వడ్డించింది. ఇన్నేళ్ళ సంసారం ఆ కాసేపు గరిట చివర ఊగింది.

అవ్వ మాటను నేను వెంటనే స్వీకరించలేదు. ఎందుకంటే ఆమెకు ఈ వ్యాజ్యంలో ప్రయోజనం ఉన్నది. నీ పెళ్ళి చూడకుండా పోనని నీ ఫోటో ముందు ఒట్టు పెట్టుకున్న మనిషి. నీ పెళ్ళి భోజనం కోసం ఏ ముత్తాతనైనా పుట్టించగలదు. పైగా జోగయ్య ఎలుగుబంటిని తెడ్డుతో తరిమాడని కూడా ఆమె చెబుతుంది. నీవు వంచవద్దన్నావు. నాకు అనుకూలమైన కాగితం నన్ను ఒకసారి మోసగించింది కనుక, నీకు అనుకూలమైన మాటను రెండింతలు అనుమానించాను.

రాయి దగ్గరకు వెళ్ళాను. మన ఊళ్ళో చనిపోయినవారికి రాళ్ళు నిలిపే పద్ధతి నీకు తెలుసు. ఒక గట్టువారివి ఒక వరుసలో, పొద్దుపొడుపు వైపు ముఖంగా ఉంటవి. ఇల్లరికం వచ్చినవాడు అత్తవారి ఇంట్లో ఎంతకాలం బ్రతికినా గట్టు మారడు, అతని పిల్లలదీ అతని గట్టే; అతని రాయి వరుసలోకి రాదు, అతడు వచ్చిన దిక్కుకు ముఖం పెట్టి ఎడంగా నిలుపుతారు. ఈ నియమం నేను పిల్లలకు చెప్పినవాడినే. కుర్సెం వారి వరుస దాటి, వాగు పక్కన, ఆ రాయి ఒక్కటే గోదావరి వైపు చూస్తున్నది. కళ్ళ ముందు ఉన్నదాన్ని నేను చదవలేదు. అయితే రాయికి పేరు లేదు. ఎవరో ఒక అల్లునిది అని మాత్రమే అది చెప్పగలదు.

కనుక అవతలి ఒడ్డుకు పోవాలి. అక్కడివారికి నీవెవరో తెలియదు, నీ పెళ్ళి ఏమైనా వారికి లాభనష్టాలు లేవు. సాక్షిగా నిలువదగినవారు వారే. సింగయ్య నాటికి గోదావరికి ఇవతల నిజాం ఏలుబడి, అవతల ఇంగ్లీషువారి ఏలుబడి. ఏరు దాటినవాడు రాజ్యం దాటినట్టే. మన కాగితాలలో అవతలివారు లేరు, వారి కాగితాలలో మనం లేము.

ఇక్కడ నీకు చెప్పకుండా చేసిన మొదటి పని చెప్పాలి. నేను చిరంజీవి మోటారుసైకిలు మీద వెళ్ళాను. సారపాక బస్టాండులో నేను నిలబడి ఉంటే మిల్లు నుండి షిఫ్టు దిగి వస్తూ చూశాడు. “ఎటు సార్?” అన్నాడు. చెప్పాను. “ఎక్కుండ్రి” అన్నాడు, ఇంకేమీ అడగలేదు. భద్రాచలం వంతెన దాటి, దుమ్ముగూడెం దారి పట్టి, అడవిలోకి తిరిగి పూసం వారి గుంపుకు చేరాము. ఊరి బయటనే అతన్ని ఆపాను. ఆశ గలవాడు సాక్షి ముందు నిలుచుంటే సాక్ష్యం చెడుతుందని చెప్పాను. “సరే సార్, నేను బండి కాడనే ఉంట” అని నీడకు పోయి కూర్చున్నాడు.

ఆ గుంపులో పడిగె ఉన్నది. పడిగె అంటే వంశం కథను బొమ్మలుగా కుట్టిన ముక్కోణపు గుడ్డ. వెదురుకర్రకు కట్టి నిలిపి, దోలీవారు డోలు కొట్టి ఆ కథ పాడుతారు. అక్కడి దోలీ పేరు దూలయ్య. నన్ను పైనుండి కిందికి చూసి, “కోడి లేంది తాతలు లేవరు సారూ” అన్నాడు. కోడిని కొన్నాము. తరువాత, “గొంతు తడవంది పేర్లు రావు” అన్నాడు. ఆ ఏర్పాటూ జరిగింది. తరువాత డోలు చర్మం చల్లబడిందని, మంట వేసి కాచి, బీడీ కాల్చి, అప్పుడు లేచాడు.

నేను సింగయ్య పేరు ఎత్తలేదు. ముత్తక్క పేరు ఎత్తలేదు. ఏ ఊరినుండి వచ్చానో కూడా చెప్పలేదు. ‘మీ వాళ్ళలో ఇల్లటం పోయి తిరిగి రానివారు ఎవరైనా ఉన్నారా?’ అని మాత్రమే అడిగాను. పాడి పాడి అతడు గుడ్డ అంచు దాకా వచ్చాడు. అక్కడ, తక్కిన బొమ్మలన్నీ ఒక వైపు నడుస్తుంటే, భుజాన కావడి మోస్తూ ఒక బొమ్మ ఎదురు దిక్కుకు నడుస్తున్నది. దూలయ్య డోలు ఆపి, మామూలు మాటలో చెప్పాడు.

“గీనె సింగయ్య. ఏరు దాటి ఇల్లటం పొయ్యిండు. ఇల్లటం బోయినోడు అత్తగారింట్ల కావడి మొయ్యాలె గద, గందుకే గా కావడి. జరంతోని పొయ్యిండని పడవోళ్ళు జెప్పిండ్రు. పెండ్లాం ముత్తక్క. ఒక కొడుకంట. వాడు మనోడే. ఇయ్యాల గాకుంటె రేపొస్తడని మా తాతలు జాగ ఇడిసిపెట్టిండ్రు.”

కావడి బొమ్మ పక్కన గుడ్డ ఖాళీగా ఉన్నది. ఒక మనిషి పట్టేటంత ఖాళీ. పాత పడిగె చినిగి కొత్తది కుట్టినప్పుడల్లా, ఆ ఖాళీని కూడా బొమ్మవలెనే కొలిచి కుడుతున్నారట.

“వచ్చాడా మరి?” అని అడిగాను.

“ఇంక రాలే.”

“వచ్చాడు” అన్నాను. “నేను ఆ కొడుకుకు మనుమడిని.”

దూలయ్య నన్ను మళ్ళీ పైనుండి కిందికి చూశాడు. “గంత ఆలిశ్యమా?” అన్నాడు. తరువాత లోపలికి పోయి, నేను కొనిచ్చిన కోడిని నాకే కూర వండించి పెట్టాడు. పూసం వారికీ మిడియం వారికీ ఇచ్చిపుచ్చుకోవడం పాతకాలం నుండి ఉన్నదని ఆ ఊరి పెద్దలు తింటూ చెప్పారు. నేను అడగకముందే చెప్పారు. ఒకరి తల్లి, ఒకరి భార్య, ఒకరి కోడలు మిడియం వారి ఆడపిల్లలే.

తిరుగుదారిలో చిరంజీవికి నేనేమీ చెప్పలేదు. పెద్దల ముందు పెట్టకముందు ఫలితం చెప్పడం పద్ధతి కాదు. వంతెన మీద అతడు బండి ఆపి, వెనుకకు తిరగకుండానే అన్నాడు: “సార్, కుదరదని తేలితే గీ మాట పుష్పకు నేను, నేనే చెప్త. గా బాధ మీకొద్దు.”

‘నేను’ అనే మాటను అనవసరంగా రెండుసార్లు వాడాడు. దిద్దలేదు.

పండుగకు ముందటి రోజు ఊరి పెద్దలు కూడారు. మిడియం వారినీ పిలిపించాను. కాగితం ఏమి చెప్పిందో, ఏమి చెప్పలేదో, అవ్వ ఏమి చెప్పిందో, రాయి ఎటు చూస్తున్నదో, అవతలి పడిగె ఏమి పలికిందో వరుసగా చెప్పాను. దూలయ్యను కూడా రప్పించాను. ఇంకొక కోడి ఖర్చయింది. జోగయ్య పోయేనాటికి చంటివాడైన ఆ కొడుకుకు మనుమడు ప్రభాకర్, ఇన్నేళ్ళు నన్ను ‘అన్నా’ అని పిలిచినవాడు, నవ్వి అందరి ముందూ అన్నాడు.

“మస్తున్నది కథ. బిడ్డ లగ్గం కోసం ఉద్యోగం మార్చినోళ్ళున్నరు, ఊరు మార్చినోళ్ళున్నరు. మా హెడ్మాస్టరు తాతనే మార్చిండు.”

అందరూ నవ్వారు. చిరంజీవి తండ్రి తల వంచుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. తరగతిలో గొడవ అయినప్పుడు ఎట్లా నిలబడేవాడినో అట్లానే నిలబడ్డాను.

“ప్రభాకర్, అవ్వ చెప్పినదాంట్లో నీవు ఒక మాట వినలేదు. జోగయ్యకు కొడుకు వంశం నీది. నాది బిడ్డ వంశం. ఇది నిజమైతే రేపు మొదటి పిడికిలి నీది. మా తాత, మా నాన్న, నేను చల్లిందంతా నీ ఇంటికి బాకీ. అబద్ధమాడి సంపాదించుకునేవాళ్ళను చూశావు. అబద్ధమాడి పోగొట్టుకునేవాణ్ణి ఎక్కడైనా చూశావా?”

ప్రభాకర్ నవ్వు ముఖం మీదనే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక. అప్పుడు చిరంజీవి తండ్రి లేచి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

“ఇగ అన్నా అనరాదు. ఏమనాలె? బావా అనాలె.” ఆగి, మళ్ళీ అన్నాడు, రుచి చూసినట్టు. “బావా.”

అంతే, పుష్పలతా. నీ ప్రశ్నకు సమాధానం అదే. నీ వివాహానికి అడ్డు లేదు. ఏ సాక్ష్యాన్నీ వంచలేదు.

ఇక రెండవ షరతు. దానిని నేను ఉల్లంఘించాను. నిన్ను అడిగి ఉంటే నీవు ఒప్పుకొనేదానివి కాదు. ఒప్పుకోవని తెలిసే అడగలేదు. నా జీవితంలో అడగవలసినవారిని అడగకుండా తెలిసి చేసిన పని ఇదొక్కటే. మొదటి విత్తు మన చేయి దాటింది. నీ కోసం వదలుకున్నానని మాత్రం అనుకోవద్దు. మనది కానిదని తెలిసిన తరువాత అది నా పిడికిట్లో నిలిచేది కాదు. నీ పెళ్ళి తలపెట్టకపోయి ఉంటే, ఆ సంగతి తెలియకుండానే నేను పోయేవాడిని.

పండుగనాటి ఉదయం నాకు తేలికగా లేదని కూడా వ్రాయాలి. ప్రతి ఏడూ ఆ పూట తలస్నానం చేసి, కుడిచేయి తుడుచుకొని, గంప కోసం ఎదురు చూసేవాడిని. ఈసారీ స్నానం చేశాను, చేయి తుడుచుకున్నాను. తరువాత ఏమి చేయాలో తోచక పశువుల కొట్టంలో కూర్చున్నాను. మీ అమ్మ వచ్చి నా ధోవతి అంచు సరిచేసి పోయింది.

ప్రభాకర్ చల్లాడు. పిడికిలి ఎక్కడ సడలించాలో తెలియక విత్తులన్నీ ఒక్కచోట పడ్డవి. అతడు గంప మీద నుండి తల ఎత్తి, గుంపులో నన్ను వెదికి చూశాడు. సరిగా లెక్క కడితే అతడు జోగయ్యకు మునిమనుమడు, నేను ముత్తక్క మీదుగా మునిమనుమడి కొడుకును; అతడు నాకంటే ఒక తరం పైవాడు. నిన్నటిదాకా తమ్ముడు, ఇప్పుడు మామ. చల్లిన విత్తుల మీద నీళ్ళు చిలకరించాలి. ఆ నీళ్ళు వాగు నుండి కావడిలో తెచ్చేది ఇంటి అల్లుళ్ళు.

“అల్లుడా,” అన్నాడు ప్రభాకర్, మెల్లగా, “నీళ్ళు తెస్తవా?”

కొందరు నవ్వారు, కొందరు నా ముఖం చూశారు. అతని మాటలో ఎగతాళి లేదు. నాకొక చోటు చూపిస్తున్నాడు. నేను అంగీ విప్పి మీ అమ్మకు ఇచ్చి, కావడి భుజానికెత్తుకున్నాను.

హెడ్మాస్టరు నీళ్ళు మోయడం చూడడానికి పిల్లలందరూ వెంటవచ్చారు. సగం నీళ్ళు దారిలోనే ఒలికాయి. భీమక్క అవ్వ కూర్చున్న చోటి నుండి, “కావడి మోసుడు బళ్ళె నేర్పరాయె” అని కేకవేసింది. వాగు నుండి వచ్చే దారిలో ఆ రాయి ఉన్నది. దాని దగ్గర కావడి దించాను. సింగయ్యకు ఈ దారి తెలుసు. ఈ బరువు తెలుసు. రాజ్యం దాటి వచ్చి, ఇంకొకరి విత్తులకు నీళ్ళు మోసి, ఇంకొకరి వరుసలో చోటు అడగకుండా తన దిక్కు చూస్తూ నిలబడ్డాడు. దోసెడు నీళ్ళు రాయి మీద పోసి, మిగిలినవి తీసుకొనిపోయి విత్తుల మీద చిలకరించాను. విత్తు చల్లినప్పుడు ఎన్నడూ కలగని గర్వం అప్పుడు కలిగింది.

వంశవృక్షం మళ్ళీ మొదటి నుండి వ్రాశాను. తల మీద రెండు పేర్లు పక్కపక్కన ఉన్నవి: ముత్తక్క, సింగయ్య. ఇంటిపేరు మార్చను. కుర్సెం అన్నది ముత్తక్క ఇచ్చిన పేరు, ఆమె పెట్టిన అన్నం వంటిది. గట్టు సింగయ్యది. ప్రతి పేరు పక్కనా అది నాకు ఎవరి వలన తెలిసిందో వ్రాశాను: కాగితం వలన అయితే కాగితమని, అవ్వ వలన అయితే అవ్వ అని, రాయి అయితే రాయి అని. తెలియనిచోట ఖాళీ విడిచాను. ఖాళీని కూడా కొలిచి ఉంచాలని దూలయ్య గుంపువారిని చూసి తెలుసుకున్నాను. ఎలుగుబంటి సంగతి చేర్చలేదు. అవ్వకు కోపం వచ్చింది.

పైరు ఇంటికి వచ్చిన తరువాత ముహూర్తం అనుకుంటున్నాము. అవతలి పూసం వారు పడిగెతో వస్తామన్నారు. ఆ ఖాళీలో బొమ్మ కుట్టడానికి ఎవరి పోలిక తీసుకోవాలని దూలయ్య అడిగితే, కన్నయ్య తాత ముఖం నాకు గుర్తులేదు కనుక, నీ ముఖం చూసి కుట్టమన్నాను. సెలవు ముందుగానే పెట్టుకో.

ఈసారి ఉత్తరం వ్రాసేటప్పుడు కర్త ఏ వచనంలో ఉన్నా, ‘బాగున్నాము’ అనే వ్రాయి. ఎర్ర సిరా సీసాను అటకమీద పెట్టాను.

ఇట్లు,
పూసం సింగయ్యకు మునిమనుమడు,
కుర్సెం ముత్తక్క ఇంటి బిడ్డ,
నీ నాన్న
పగిడయ్య